కెమెరాలో ఇరుక్కున్న చీర

ఇంకో మర ఊడదీశాడు. అరచేతిలో పట్టే కెమెరా, దీనికి ఇన్ని మరలా? ఒక్కొక్కదాన్నీ తీసి రేకు మూతలో వేస్తున్నాడు తిరుపతి, ఈ వనపర్తి రిపేరు దుకాణం అతనిదే, తొందరేమీ లేదన్నట్టు మధ్యమధ్యలో చాయ్ చప్పరిస్తూ. జల్ది చెయ్యవయ్యా అని గట్టిగా అరవాలనుంది నాకు. మళ్ళీ అసలు బాగు కాకపోతేనే మేలేమో అనీ ఉంది. బాగైతే తెర వెలుగుతుంది, తెర వెలిగితే లోపలి ఫోటోలు కనిపిస్తాయి, ఆ ఫోటోల్లో నేనుంటాను, నా ఒంటి మీద నేను కట్టకూడని చీర ఉంటుంది. బాగు కాకపోతే వాటిని నేను కూడా ఎన్నటికీ చూడను. ఏది కావాలే చంద్రకళా నీకు, తేల్చుకో. రెండూ కావాలి. నాకు కనిపించాలి, ఇతనికి కనిపించకూడదు. అట్లా కుదరదని నాకూ తెలుసు, అందుకే ఈ బల్ల మీద కూచుని నా పైట కొంగును నేనే మెలిపెట్టి చంపుతున్నాను. పొద్దున గద్వాలలో బస్సెక్కినప్పటి నుంచీ ఇదే కోపం. కిటికీ పక్కన కూచున్నా గాలి ఆడలేదు, బీచుపల్లి వంతెన మీద అందరూ నదికి దండం పెట్టుకుంటుంటే నేను మాత్రం పళ్ళు నూరుతూ కూచున్నాను.

ముందు ఆ హరీష్ గాడిని అనాలి. నాగర్‌కర్నూలులో మా చెల్లె వనజ వాళ్ళ వీధి చివర వాడి ఫోటో స్టూడియో. కొత్త కెమెరా కొనుక్కున్నాడట, పాతది అమ్ముతానంటే వనజే నన్ను పిలిచింది, మంచోడు అక్కా, మన వనజక్క వాళ్ల అక్క గదా అని ఇస్తుండు అంది. మంచోడే, ఎంత మంచోడంటే లోపల వేసే కార్డు తీసి జేబులో పెట్టుకుని ఉత్త కెమెరా నా చేతిలో పెట్టాడు. కార్డేదయ్యా అంటే, "కార్డు దేనికక్కా, మెషీన్లనే నాలుగు ఫోటోలు పడ్తయి, నీకు చాలు" అన్నాడు. నీకు చాలు. నాకేం చాలునో వీడికెట్లా తెలుసు? మీటనొక్కితే కెమెరా ముక్కు బయటికొస్తున్నప్పుడు కరకరమంది, నేను విన్నాను, మగ్గం మీద పుట్టి పెరిగినదాన్ని, ఏ చప్పుడు సరైనదో ఏది కాదో నా చెవికి తెలుసు. ఏందయ్యా ఆ చప్పుడు అన్నాను. "కొత్తల గట్లనే ఉంటదక్కా" అన్నాడు. పాత కెమెరాకు కొత్తేమిట్రా? అప్పుడే మొహం మీద అడగాల్సింది. అడగకుండా వనజ నా చెయ్యి గిల్లింది, వాళ్ళ వీధిలో పరువు పోతుందని. ఏళ్ళ తరబడి నూలు కండెలు చుట్టి, మొగుడికి తెలియకుండా కాదు, తెలిసే, దాచుకున్న నా డబ్బు అది. వాడి కెమెరాలో దుమ్ముంది, వాడి నోట్లో తేనె ఉంది, నాకు దక్కింది దుమ్మే.

"అక్కా, దీంట్ల ఫోటోలేమన్న ఉన్నయా?" తిరుపతి తల ఎత్తకుండానే అడిగాడు. లేవన్నాను. ఎంత తొందరగా అన్నానో, అతను ఒకసారి నా వైపు చూశాడు. "ఉన్నా గుడ పోవు లే, పరేషాన్ గాకు" అని మళ్ళీ పనిలో పడ్డాడు. పోవు. అదే కదా నా బాధ. అతని నెత్తి మీద గోడకు వేలాడుతున్న క్యాలెండరును నేను లోపలికొచ్చాక చూశాను, ముందే చూసి ఉంటే గుమ్మం తొక్కేదాన్ని కాదు. వెంకట్రాములు సేటు దుకాణం క్యాలెండరు అది. మాకు పట్టూ జరీ ఇచ్చి చీరలు నేయించుకునే మా సేటు. ఊరు దాటి ఇంత దూరం వస్తే ఇక్కడా ఆయనే. చూపులు తిప్పుకుంటే రోడ్డు అవతల ఆయన అల్లుడి చీరల దుకాణం, అద్దం వెనక వరసగా మెడ వరకే ఉన్న బొమ్మలు, వాటి ఒంటి మీద మా గద్వాల చీరలు. సేటుగారు నీకు తెలుసా తమ్మీ అని, అడగలేక అడిగాను. "తెల్వకేంది, వాళ్ల బిడ్డ పెండ్లికి ఫోటోలు దీసింది నేనే" అన్నాడు గొప్పగా. అయిపోయింది. నాగర్‌కర్నూలుకే పోయి ఆ హరీష్ నెత్తిన కొట్టాల్సింది ఈ కెమెరాతో. వాడు రిపేరు నా పని కాదు, వనపర్తిలో తిరుపతి చేస్తాడు అని ఫోను పెట్టేశాడు, నేను వినేసి వచ్చేశాను, నాకు బుద్ధి లేదు.

కట్టిన చీర. ఈ రెండు మాటలు చాలు మా వీధిలో ఒక ఇంటిని ముంచడానికి. చీర మగ్గం నుంచి కోశాక దాన్ని మడతేసి సేటు మనిషికి అప్పజెప్పేదాకా అది మాది కాదు, మా చేతుల్లో ఉన్న పరాయి సొమ్ము. మూడు వీధుల అవతల ఈదమ్మ కూతురు, పెళ్ళి కాని పిల్ల, బతుకమ్మ నాడు కోసిన చీరను ఊరికే భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంది. కట్టను కూడా కట్టలేదు. అదే సమయానికి సేటు గుమాస్తా గుమ్మంలోకి వచ్చాడు. ఆ చీర మీద కట్టిన చీర అని ముద్ర పడింది, ఆ తర్వాత గద్వాలలో ఏ సేటూ ఆ ఇంటికి పట్టు ఇవ్వలేదు. ఇప్పుడు ఈదమ్మ చీకటితో లేచి ధరూర్ వైపు పత్తి చేలలో పూలు క్రాసింగ్ చేయడానికి కూలికి పోతోంది. మగ్గం గుంటలో కట్టెలు వేసుకుంటున్నారు. జరీ అంచు ఎక్కడ తెగినా కనబడకుండా అతికే చేతులు, పోయి పుప్పొడి రుద్దుతున్నాయి. ఎవరి మీద కోపగించుకోవాలి దీనికి? సేటు మీదనా? కోపగించుకుంటే వినేదెవరు? ఆయన చెడ్డవాడు కూడా కాదట, పండుగకు మిఠాయి డబ్బా పంపిస్తాడు. ఆ డబ్బా చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

నేను పుట్టింది మగ్గం ఇంట్లో, మెట్టింది మగ్గం ఇంట్లో. చీర ఒంటికి పోగు మోసే నాడె విసిరేది మా ఆయన, పక్కన కూచుని అంచు నాడె అందించేది నేను, అంచు పట్టూ ఒంటి నూలూ ఒకదాన్నొకటి పట్టుకునే చోట మెలి పడేది నా వేళ్ళ కిందే. నేసింది నేసినట్టు ముందు కర్రకు చుట్టుకుపోతుంది, కళ్ళ ముందు ఎప్పుడూ జానెడు గుడ్డే ఉంటుంది. చీర మొత్తం ఎట్లా ఉందో మాకు తెలిసేది కోసిన నాడే, అదీ మడతల్లో. ఆ సాయంత్రానికే పోతుంది. మా కావ్య బడి నుంచి వచ్చి ఒకనాడు, "అమ్మా, నువ్వు నేసిన చీర ఒక్కటన్న చూపియ్, మా టీచర్ అడిగింది" అంది. ఇల్లంతా వెతికినట్టు చూశాను. ఏముంది చూపించడానికి, నా ఒంటి మీదిది మిల్లు చీర, దండెం మీదిది మిల్లు చీర. మీ టీచర్ కట్టుకున్నదేమో చూడవే అన్నాను. పిల్ల నవ్వలేదు. ఆ రాత్రే అనుకున్నాను కెమెరా కొనాలని. చీర ఎట్లాగూ మిగలదు, ఫోటో అయినా మిగలాలి. స్టూడియో వాణ్ణి పిలిస్తే వీధంతా తెలుస్తుంది. మనదే కెమెరా ఉండాలి, మన ఇంట్లో, తలుపు వేసుకుని.

ఆ చీర చిలకాకుపచ్చ. వంకాయ రంగు అంచు, దాని మీద కోట బురుజుల్లా వరస తీరిన కోటకొమ్మలు, కొంగంతా జరీ. నేస్తున్నప్పుడే అనుకున్నాను, ఇది నాకు నప్పుతుందని. ఇట్లాంటి మాట మగ్గం దగ్గర ఎవరూ పైకి అనరు. చీర కోసిన రోజు మధ్యాహ్నం నేను దాన్ని కట్టుకుంటానన్నాను. మా ఆయన నాడె కింద పెట్టి, "పిచ్చిలేసిందా నీకు?" అన్నాడు. లేసింది, ఒక్కసారి లేవనీ. మా అత్త జములమ్మ గొడవ చేస్తుందనుకున్నాను. ఆమె కర్ర పట్టుకుని లేచి పోయి గడప మీద కూచుంది, వీధి వైపు మొహం పెట్టి. "ఎవలన్న వస్తె దగ్గుత. జల్దిగ కానియ్" అంది. కాసేపటికి అటు తిరిగే ఉండి, "నేను గుడ కట్టలే బిడ్డా ఎన్నడు" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, ఏడిస్తే కాటుక చెదురుతుందని ఆపుకున్నాను. అవును, కాటుక పెట్టుకున్నాను. మొహం కడుక్కుని పౌడరు రాసుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని, పక్కింటి సుభద్రమ్మ దగ్గర కనకాంబరాలు అడుక్కొచ్చి పెట్టుకున్నాను. అద్దంలో చూసుకుంటే నాకే నేను కొత్తగా కనిపించాను. చెమట అంటకుండా లోపల పాత చీర చుట్టుకుని దాని మీద ఇది కట్టాను. ఎంత తేలికగా ఉందో. ఇంత పని చేసి ఇంత తేలికైనదాన్నా మేం చేస్తున్నది అనిపించింది.

దశరథం కెమెరా పట్టుకున్నాడు. నోటితో మొగుడి పేరు అనను గానీ మనసులో ఎన్నిసార్లయినా అంటాను, కోపమొచ్చినప్పుడు మరీ. దశరథం, దశరథం. మనిషికి భయం, మాటిమాటికీ వీధి తలుపు వైపే చూస్తున్నాడు. మిద్దె కంత కింద వెలుతురు పడే చోట నన్ను నిలబెట్టాడు. "కదలకు" అన్నాడు. "జర పక్కకు జరుగు, వెలుగుల పడని. కొంగు గట్ల పట్టుకో. ఆఁ, కదలకు." అప్పుడు తలుపు వైపు చూడడం మానేశాడు. చూశాడు. ఆ తెరలోకి, మళ్ళీ నా వైపు, మళ్ళీ తెరలోకి. ఇంత కాపురంలో కండె అందుకోవడానికి తప్ప నా వైపు తిరగని మనిషి, పక్కపక్కనే కూచుని ఇన్నేళ్ళు నాడె విసురుకున్నా నా చేతులే తప్ప నన్ను చూడని మనిషి, అంతసేపు చూశాడు. అతని కళ్ళు మెత్తబడ్డాయి. "ఎంత మంచిగొచ్చిందే" అన్నాడు మెల్లగా. నాకు సిగ్గేసింది. ఈ వయసులో, పిల్ల బడికి పోయిన ఇంట్లో, అత్త గడప మీద కాపలా ఉండగా, నేను సిగ్గుపడి తల వంచుకున్నాను. కదలకన్నానా, అని మళ్ళీ విసుక్కున్నాడు. తల ఎత్తి నవ్వాను. నా జన్మలో ఏ ఫోటోకూ అట్లా నవ్వలేదు. ఆ నవ్వు ఇప్పుడు ఆ కెమెరా డబ్బాలో ఉంది. అది నాకు కావాలి. ఎవరేమనుకున్నా నాకు కావాలి.

నాలుగోసారి నొక్కాక కరకరమని కెమెరా ముక్కు బయటపెట్టి ఆగిపోయింది. తెర నల్లబడింది. ఎంత నొక్కినా లోపలికి పోదు, బయటికి రాదు. అదే సమయంలో గడప దగ్గర అత్త దగ్గింది. ఎట్లా విప్పానో, ఎట్లా మడతేశామో నాకు తెలియదు, పాత మడత మీదే మడత పడేలా ఇద్దరం చెరో అంచు పట్టుకుని సర్దాం, సేటు మనిషి లోపలికొచ్చి కూచుని మంచినీళ్ళు తాగి చీర తీసుకుని పోయాడు. ఏమీ అనలేదు. అతను పోయాక మా ఆయన గోడకు జారగిలబడి, "దాన్ని దీస్కపోయి జూరాల డ్యాంల పారెయ్" అన్నాడు. కెమెరానా అన్నాను. "అవు. అండ్ల మన మెడకు ఉరితాడుంది." నా ఫోటోను ఉరితాడన్నాడు. మధ్యాహ్నం నన్నట్లా చూసి, సాయంత్రానికి ఉరితాడు. పారేయనన్నాను. బాగు చేయించుకొస్తానంటే నేను రానన్నాడు, ఎవరైనా అడిగితే నాకు తెలియదంటానన్నాడు. అను. నీకు తెలిసిందెప్పుడు గనుక. వనజ దగ్గరికి పోతున్నానని వీధిలో చెప్పి ఒక్కదాన్నే వచ్చాను. నా కోపం హరీష్ మీద ఒక పాలైతే, సేటు మీద ఒక పాలైతే, మిగిలిందంతా ఈ దశరథం మీదే. అయినా అతను చూసిన ఆ చూపు గుర్తొస్తే కోపం ఒక చోట తడబడుతుంది. అది తడబడినప్పుడల్లా ఇంకా ఎక్కువ కోపం వస్తుంది నాకు.

"ఇగో, దొరికిందక్కా" అన్నాడు తిరుపతి. నేను ముందుకు వంగాను. చిమ్టా చివర ఏదో పట్టుకుని దీపం కిందికి తెచ్చాడు. సన్నటి జరీ పోగు, ఇంత ముక్క, తళుక్కుమంది. దాని చుట్టూ నూలు ధూళి. "లోపల చక్రంల ఇరుక్కున్నది. మీరు మగ్గాలోళ్లా?" అవునన్నాను, కాదనడానికి ఏముంది, పోగు అతని చేతిలోనే ఉంది. ఆ ధూళి మాదే. అంటే హరీష్ తప్పు సగమే. ఆ సగం కూడా వదిలిపెట్టబుద్ధి కాలేదు నాకు, ముందే కరకరమన్నది కదా. తిరుపతి ఊదాడు, బ్రష్షుతో తుడిచాడు, మూతలోని మరలన్నీ మళ్ళీ బిగించాడు, బ్యాటరీలు వేశాడు. మీట నొక్కాడు. కెమెరా ముక్కు మెత్తగా లోపలికి పోయి మెత్తగా బయటికొచ్చింది. కరకర లేదు. తెర వెలిగింది. ఇటియ్ తమ్మీ అని లేచాను. ఉండక్కా, చూడనీ, అని ఇంకో మీట నొక్కాడు. "లేవంటివి, ఉన్నయి గదా, నాలుగు." నేను బల్ల పట్టుకుని నిలబడ్డాను. క్యాలెండరు గాలికి ఊగుతోంది. ఈదమ్మ చేతులు కళ్ళ ముందు కనిపించాయి. అతను ఒక్కొక్కటే చూస్తున్నాడు, మొహంలో ఏ మార్పూ లేదు. చూసి కెమెరాను నా వైపు తిప్పాడు.

మొదటిది అంచు. కోటకొమ్మలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేటంత దగ్గరగా. రెండోది కొంగు, దాని వెనకే దాగిపోయిన నా చేతులు. మూడోది కుచ్చిళ్ళు, అంచూ ఒళ్ళూ కలిసే మెలి. నాలుగోది మొత్తం చీర, మడమల నుంచి భుజాల దాకా, ఎక్కడా ముడత లేకుండా, రంగు తప్పకుండా, సేటుకు చూపించే సరుకులా నిండుగా పడింది. భుజాల దగ్గర ఫోటో అయిపోయింది. మొహం లేదు, గదవ కూడా లేదు. బొట్టు లేదు. కనకాంబరాలు లేవు. నవ్వు లేదు. నేను మళ్ళీ వెనక్కి నొక్కించాను, మళ్ళీ ముందుకు. ఉన్నవి ఆ నాలుగే. కదలకు, వెలుగుల పడని. ఎంత మంచిగొచ్చిందే. అంచుతో అన్నాడు ఆ మాట. అంచుతో.

"మస్తు దీసిండ్రక్కా, అంచు మంచిగ పడ్డది" అన్నాడు తిరుపతి. "బొమ్మకు కట్టి దీసిండ్రా?"

రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. నన్ను ఎవరూ పట్టుకోలేరు. సేటు కాదు, గుమాస్తా కాదు, ఊళ్ళో ఎవరూ ఈ ఫోటో చూసి ఇది చంద్రకళ అనలేరు. మా మగ్గానికి ఏమీ కాదు. పొద్దుటి నుంచీ దేనికి భయపడ్డానో అది లేదు, దేనికోసం వచ్చానో అదీ లేదు. సంతోషించాలి కదా నేను. ఈ బల్లను ఎత్తి రోడ్డు అవతలి ఆ అద్దానికేసి కొట్టాలనిపించింది.

"అవు, బొమ్మకే" అన్నాను.

"ఒకపారి కొట్టి చూడాలె అక్కా, సరిగ పనిచేస్తుందో లేదో" అని కెమెరాను గోడ మీది క్యాలెండరు వైపు పెట్టాడు. నేను అతని మోచెయ్యి పట్టి నా వైపు తిప్పాను.

"నన్ను దియ్యి తమ్మీ."

మీట నొక్కాడు, పడలేదు. "జాగ లేదక్కా. ఒకటి తీసేస్తెనే ఇంకోటి పడ్తది. ఏది దీసెయ్యాలె?"

"నాలుగోది."

"చీర మొత్తం పడ్డది గదా, మంచిగుంది."

"దీసెయ్యమంటి గదా."

తీసేశాడు. చిలకాకుపచ్చ పోయింది. నేను మళ్ళీ బల్ల మీద కూచున్నాను, బస్సులో నలిగిన మిల్లు చీరలో, పౌడరు లేకుండా, చెమటకు సగం చెరిగిన బొట్టుతో. మొహం పడాలి, ఇంకేం పడకపోయినా సరే మొహం పడాలి అన్నాను. అతను దగ్గరికి జరిగి కెమెరా ఎత్తాడు, తెరలోకి చూశాడు, జంకినట్టు దించాడు, మళ్ళీ ఎత్తాడు.

"జర నవ్వు అక్కా."

"నవ్వ. గిట్లనే దియ్యి."